మూడు చెవుల మూత

మార్చి 3, సోమవారం

కొత్త ప్రాజెక్ట్ వచ్చింది. మూతే. పదహారేళ్లుగా మూతలు తప్ప ఇంకేం చేశాను గనక. ఈసారి మూత తిప్పితే తెరుచుకోవాలి, కానీ ఊడి చేతికి రాకూడదు. సీసాని అంటిపెట్టుకునే ఉండాలి, సీసాతో పాటే చెత్తబుట్టలోకి పోవాలి. క్లయింట్‌ది దగ్గుమందు కంపెనీ. ఊడిన మూతలు మురిక్కాలవల్లో తేలుతున్నాయని ఎవరో వాళ్లకి చీవాట్లు పెట్టారట.

మా బాస్‌కి టాలరెన్స్ అని పేరు పెట్టింది నేనే, కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే మాట అది. డ్రాయింగ్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు, ఇక మనుషుల విషయంలో అసలే ఒప్పుకోడు. ఇరవై ఎనిమిదిన క్లయింట్ వస్తున్నారు, అప్పటికి శాంపిల్ చేతిలో ఉండాలన్నాడు. సరే అన్నాను. సరే అనడం నాకు జబ్బు.

ఇంటికొచ్చేసరికి అక్క ఎడమచేత్తో గుండీ కుడుతోంది. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, ఎవరో దాచమని ఇచ్చి వెళ్లినట్టు. ముప్పై ఏళ్లు ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి. నన్ను ఇంజినీరింగ్ చదివించింది కూడా ఆ కుట్టుమిషన్ మీదే. గుండీ వంకరగా వచ్చిందే అన్నాను. నీ మొహమూ వంకరే, నేనేమైనా అన్నానా అంది.

మాత్రలు మింగుడు పడవని, ఫిట్స్ రాకుండా సిరప్ రాశారు. మూడు పూటలా. ఉదయం, సాయంత్రం నేను పోస్తాను. ఒంటిగంటది తనే వేసుకుంటుంది. వేసుకున్నావా అని రోజూ అడుగుతాను. వేసుకున్నాను తల్లీ అంటుంది.

మార్చి 6, గురువారం

మూతకీ సీసా మెడకీ మధ్య తోకలా ఒక పట్టీ పెట్టాం. నలభై సార్లు తిప్పేసరికి తోక తెగింది.

కిటికీలో ఉన్న పూలకుండీకి చీమలు పట్టాయి. చుట్టూ మందు సుద్దతో గీత గీశాను.

మార్చి 11, మంగళవారం

తోక వదిలేశాను. ఇప్పుడు మూత రెండు ముక్కలు. కింద కాలర్: సీసా మెడకి ఒకసారి బిగిస్తే ఇక కదలదు, ఊడదు. దాని మీద మూత. పావు చుట్టు తిప్పితే మూత మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, నడుమ రంధ్రం తెరుచుకుంటుంది, టక్కుమని ఆగుతుంది. వెనక్కి తిప్పితే మూసుకుంటుంది. కాగితం మీద చూసుకుని నాకే ముద్దొచ్చింది.

చీమలు గీత దాటి వచ్చేశాయి. ఆ ఎండుమొక్కలో అంత తీపి ఏం దొరికిందో.

మార్చి 13, గురువారం

అక్కకి ఫిట్స్ వచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి. కుర్చీ పడ్డ చప్పుడు విని పక్కింటి టీచర్ వచ్చి చూసి నాకు ఫోన్ చేసింది. ఇద్దరం కలిసి హాస్పిటల్‌కి తీసుకెళ్లాం.

ఒక్క పూట కూడా మందు మానలేదు కదా అని డాక్టర్ గారు మూడుసార్లు అడిగారు. లేదండీ అని అక్క మూడుసార్లూ చెప్పింది. అయితే మంచి సూచన కాదమ్మా, మందు వేసుకుంటున్నా వస్తున్నాయంటే పగటిపూట ఒంటరిగా వదలకండి అన్నారు నాతో.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, నువ్వు ఉద్యోగం మానేసి కూర్చోలేవు, ఏప్రిల్ ఆరు ఆదివారం వచ్చి తీసుకెళ్తాను అన్నాడు. వాడిదీ ప్రేమే. మరదలు కూడా మంచిది. కానీ అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్లు నన్ను మంచినీళ్లు కూడా ముంచుకోనివ్వరే, మూలన పెట్టి ముసుగేసిన మిషన్‌ని అయిపోతాను అంది.

నాకు ఏడుపు వస్తే ముక్కు ముందు ఎర్రబడుతుంది, అందుకని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మార్చి 14, శుక్రవారం

సెలవు. అక్క నన్ను చూస్తూ కూర్చుంది, నేను అక్కని చూస్తూ కూర్చున్నాను. ఇద్దరికీ విసుగొచ్చింది.

మార్చి 19, బుధవారం

పక్కింటి టీచర్‌కి ఈ మూడు వారాలూ సెలవులేనట. మధ్యలో వచ్చి తొంగి చూస్తానంది. ఆవిడ మాట మీద ఆఫీసుకి వచ్చాను.

శాంపిల్స్ వచ్చాయి. టార్క్ మెషీన్ మీద పెట్టాం. సీసాని కింద దవడలు పట్టుకుంటాయి, పైన తల మూతని తిప్పుతుంది, ఎంత బలం పట్టిందో అంకె చూపిస్తుంది. చిన్నపిల్ల తిప్పగలిగినంత తేలిక. వెయ్యిసార్లు తిప్పినా కాలర్ ఊడలేదు, చుక్క కారలేదు. టాలరెన్స్ నవ్వాడు. అతనికి పళ్లున్నాయని ఇవాళే తెలిసింది.

మార్చి 20, గురువారం

ఒక శాంపిల్ ఇంటికి తెచ్చాను. అక్క మందు సీసా మెడ కూడా అదే సైజు. చూడవే, నీకోసమే చేసినట్టుంది అన్నాను. బావుంది అంది. బల్ల మీద పెట్టింది. ముట్టుకోలేదు.

నాకు కోపం వచ్చింది. చిన్నప్పుడు నేను గీసిన పిచ్చి గీతలన్నీ గోడకి అంటించిన మనిషి, ఇవాళ ఒక్కసారి తిప్పి చూడలేదు.

మార్చి 22, శనివారం

చీమల సంగతి తేల్చేద్దామని పొద్దున్నే కుండీ కిందికి దించాను. మట్టి జిగురుగా ఉంది. వేలికి అంటింది. వాసన చూశాను. కమలాపండు వాసన.

అక్క మందు వాసన.

కాసేపు కుండీ పట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాను. తర్వాత అక్క ముందు పెట్టాను. దబాయించబోయింది. తర్వాత తల దించుకుంది.

మూత రావడం లేదే అంది. మోకాళ్ల మధ్య సీసా ఇరికించి ఎడమచేత్తో తిప్పుతుందట. కొన్ని రోజులు వస్తుంది. కొన్ని రోజులు సీసా కూడా మూతతో పాటే తిరుగుతుంది. పళ్లతో కొరికి చూసిందట. ఒకసారి ఊడి వచ్చి ఫ్రిజ్ కిందికి దొర్లిపోతే చీపురుకట్టతో లాగిందట. రాని రోజు ఆ పూట మందు లేదు. సాయంత్రం నేను మూత తీసి, చెంచా కడగడానికి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం వాటా కుండీలో వంపేస్తుంది. సీసాలో మందు తగ్గకపోతే నేను కనిపెడతానని.

ఎందుకు చెప్పలేదే అన్నాను. మూత తీసుకోలేని మనిషిని ఇంట్లో ఒక్కదాన్నే వదులుతావా అంది.

డాక్టర్ గారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. ముందు అక్కని తిట్టారు, తర్వాత నన్ను. తర్వాత, అయితే మాట వేరు, ఏ పూటా తప్పకుండా తనంతట తను వేసుకోగలిగితే ఇంట్లో ఉండొచ్చు అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నా కొత్త మూత ఉండనే ఉందిగా. సీసాకి కాలర్ బిగించి ఇచ్చాను. అక్క ఎడమచేత్తో తిప్పింది. సీసా మొత్తం బల్ల మీద గిర్రున తిరిగింది. మళ్లీ తిప్పింది. మళ్లీ తిరిగింది. నీ మూతా అంతేనే అంది, నెమ్మదిగా, నాకు నొప్పి కలగకుండా.

సీసాని పట్టుకోవడానికి మా మెషీన్‌కి దవడలున్నాయి. అక్కకి లేవు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా మా ఎవరికీ తట్టలేదు. సిగ్గేసింది.

మార్చి 24, సోమవారం

టాలరెన్స్‌తో చెప్పాను. టెస్ట్ పాసైంది కదా అన్నాడు. టెస్ట్ తప్పు అన్నాను. నాలుగు రోజుల్లో క్లయింట్ వస్తుంటే టెస్ట్ తప్పంటావేంటి, మూత మార్చేది లేదు అన్నాడు.

ఇంట్లో మధ్యాహ్నం మందు గ్లాసులో పోసి, పైన పళ్లెం మూసి వెళ్లాను. తాగింది. తాగి, ఇవాళ గ్లాసులో మందు, రేపు నోట్లో ముద్ద అంది.

మార్చి 25, మంగళవారం

గ్లాసుకి చెయ్యి తగిలి మందు ఒలికిపోయింది. పక్కనే నిండు సీసా ఉంది. తెరవలేకపోయింది. టీచర్ ఆ గంటే బజారుకి వెళ్లిందట.

బాస్‌కి చూపిస్తాను, ఒక్కసారి తిప్పు, వీడియో తీస్తాను అని ఫోన్ ఎత్తాను. అక్క సీసా కింద పెట్టేసింది. నా చేతకానితనం మీ ఆఫీసులో సినిమా వేస్తావా అంది. అన్నం తినలేదు. నా బుద్ధి గడ్డి తింది.

మార్చి 26, బుధవారం, ఉదయం 7

అక్క మిషన్ ముందు కూర్చుని పాత లంగా కుట్లు విప్పుతోంది. నాతో మాటల్లేవు. ఎడమచేతిలో దారం కత్తిరించే చిన్న కత్తెర, ఆ స్ప్రింగ్‌ది. బొటనవేలు ఒక రేకు మీద, చూపుడువేలు రెండో రేకు మీద. నొక్కితే టక్, వదిలితే తెరుచుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఇంకో చెయ్యి అక్కర్లేదు. నొక్కే వేళ్లే పట్టుకుంటున్నాయి.

స్నానం కూడా చేయకుండా ఆఫీసుకి పోతున్నాను.

సాయంత్రం 6

తిప్పడం కాదు, నొక్కడం. మూతకి ఒక చెవి పెట్టాను. కింద కదలని కాలర్‌కి రెండు చెవులు, అటొకటి ఇటొకటి. మూత చెవి ఆ రెంటి నడుమ తిరుగుతుంది. మూత చెవినీ కుడివైపు చెవినీ రెండు వేళ్లతో దగ్గరికి నొక్కితే తెరుచుకుంటుంది. ఎడమవైపుకి నొక్కితే మూసుకుంటుంది. కాలర్ సీసాదే కాబట్టి సీసా తిరగదు. ఒక్క చెయ్యి చాలు, ఏ చెయ్యైనా.

త్రీడీ ప్రింటర్ మీద ఒకటి తీయించాను. చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉంది.

మార్చి 27, గురువారం

టాలరెన్స్ రాకముందే పాత శాంపిల్, చెవుల మూత, రెండూ అతని బల్ల మీద పెట్టాను. చీటీ రాశాను: కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తెరవండి.

అతని గది అద్దాలది. పది నిమిషాలు చూడనట్టు కూర్చున్నాడు. తర్వాత చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పాత శాంపిల్ బల్ల మీంచి ఎగిరి చెత్తబుట్టలో పడింది. చుట్టూ చూశాడు. నేను కంప్యూటర్ వెనక నక్కాను.

మార్చి 28, శుక్రవారం

క్లయింట్ తరఫున ఒకావిడ వచ్చింది. మేం అనుకున్న స్లైడ్లన్నీ వదిలేసి, టాలరెన్స్ ఆవిడ ముందు రెండు సీసాలు పెట్టి ఒక చేత్తో తెరవమన్నాడు. మొదటిది తిరిగింది. రెండోది తెరుచుకుంది. ఆవిడ మూసింది, తెరిచింది, మూసింది. జ్వరం వచ్చిన పిల్ల చంక దిగదు, ఎప్పుడూ ఒంటిచేత్తోనే మందు పోస్తాను, ఇన్నాళ్లూ మూత పళ్లతో తీస్తున్నాను అంది.

మూతలు పోసే మోల్డు మార్చడానికి ఒప్పుకున్నారు. ఇది మా ఆలోచన అన్నాడు టాలరెన్స్. మా అన్నాడుగా, చాలు.

ఏప్రిల్ 2, బుధవారం

అక్కకి చెవుల మూత ఇచ్చాను. ఏమీ చెప్పలేదు, బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయాను. చాలాసేపటికి టక్ వినిపించింది. ఆనందం పట్టలేక వెళ్తే, వేలు చూపించింది. చెవి అంచు కోసుకుని ఎర్రగా అయింది. అంచు మడిచి కుట్టడం రాదా మీకు అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

అంచులు గుండ్రంగా చేసి మళ్లీ తీయించాను. ఇది పర్వాలేదట. అక్క నోట పర్వాలేదంటే పండగే.

ఏప్రిల్ 6, ఆదివారం

తమ్ముడు పొద్దున్నే దిగాడు. పెద్ద సంచీ, సాయంత్రం రైలుకి రెండు టికెట్లు. అక్క బట్టలు సర్దావా అని నన్ను అడిగాడు. ఒంటిగంట కానీ అన్నాను.

ఒంటిగంటకి అక్క బల్ల దగ్గర కూర్చుంది. సీసా జరుపుకుంది. బొటనవేలు జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. తమ్ముడు చెయ్యి చాచాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను, చిన్నప్పుడు పోట్లాటలో పట్టుకున్నంత గట్టిగా. నాకు చాలా భయం వేసింది. ఇప్పుడు రాకపోతే నా దగ్గర ఇంకో మూత లేదు.

టక్.

కొలత గ్లాసులోకి ప్లాస్టిక్ సీసా వంచి నొక్కింది, గీత దాకా. తాగింది. టక్. మూతి తుడుచుకుని, నువ్వూ తాగుతావా అని వాణ్ణి అడిగింది.

వాడు సీసా తీసుకుని ఐదారుసార్లు తెరిచి మూశాడు. డాక్టర్ గారు చెప్పింది వివరంగా చెప్పాను. రోజూ ఒంటిగంటకి నాకొక మిస్డ్ కాల్ ఇవ్వు అక్కా, రాని రోజు బయల్దేరి వచ్చేస్తాను అన్నాడు. వాడి కళ్లు నిండాయి. చొక్కా గుండీ వదులుగా ఉందని విప్పించి అక్క కుట్టి ఇచ్చింది. వంకరగా ఉంది. అదే తొడుక్కుని, ఒక టికెట్టు నా బల్ల మీద వదిలేసి వెళ్లాడు.

ఏప్రిల్ 21, సోమవారం

కుండీ దగ్గర ఒక్క చీమ లేదు. అక్క చూడకుండా మట్టి కాస్త నాలిక మీద వేసుకున్నాను. ఉత్త మట్టి.