శనివారం పండ్లు

8 ఫిబ్రవరి 2025, శనివారం

తెల్లవారకముందే లేచాను. స్నానం చేసిన నీళ్లు కాలువ వెంట బంతి మడిలోకి పారుతుంటే కాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆ కాలువ నేను తవ్విందే. రాలిన వేపాకు ఊడ్చి ఎరువు గుంతలో వేశాను. నందివర్ధనాలు కోసుకుని, సిమెంటు బెంచీ మీద కూర్చుని రామనామం చెప్పుకున్నాను. కర్పూరం వెలిగించాను. ఆ చేతులతోనే అరటిపండ్లు తీసుకుని ప్రహరీ మూలకు వెళ్లాను.

మంద అప్పటికే గోడ మీద కూర్చుని ఉంది. చెవి తెగిన ఆడకోతి ముందుకొచ్చింది. పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. అది పండును నా చేతిలోంచి తీసుకుంటుంది, గుంజుకోదు. తిన్నాక అన్నీ గోడ మీదుగానే వెళ్లిపోతాయి. తోటలోకి దిగవు.

ఇంతవరకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆయన పోయాక పెద్దవంగర విడిచి, మహబూబాబాద్‌లో తమ్ముడు యుగేందర్ ఇంటికి వచ్చాను. అప్పుడిక్కడ ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, కంకర, పగిలిన టైల్స్ తప్ప ఏమీ లేవు. దొడ్డి నీదే అక్కా, ఏమన్న చేసుకో అన్నాడు తమ్ముడు. గడ్డపార పట్టాను. అరచేతుల్లో బొబ్బలు పగిలి, మానకముందే మళ్లీ లేచేవి. చెరువుమట్టి ట్రాక్టర్ వాకిట్లో పోసి పోతే తట్టలతో నేనే వెనక్కి మోశాను.

మొదటి ఏడాది కోతులు బొప్పాయి చెట్లు విరిచేశాయి. రాయి ఎత్తలేదు నేను. శనివారం శనివారం గోడ మీద పండ్లు పెట్టడం మొదలుపెట్టాను. వదిన కోతులతోని ఒప్పందం రాసుకున్నది అని మరదలు వసంత నవ్వుతుంది.

ఈ నీడ, ఈ బెంచీ. నాకు వేరే చోటు లేదు. అక్కర్లేదు కూడా.

11 ఫిబ్రవరి, మంగళవారం

మేనకోడలు గీతకు జనగామ సంబంధం ఖాయమైంది. మార్చి రెండున ఎంగేజ్‌మెంట్. ఫంక్షన్ హాల్ వద్దట, నా తోటలోనే. ఫోటోలు మస్తు వస్తయి అత్తా అని గీత నా మెడ చుట్టూ చేతులు వేసింది. సంతోషం.

వసంత గోడవైపు చూసింది. కోతులు వస్తే ఎట్ల అన్నది. ముందు రోజు శనివారమే, కడుపునిండా పెడతాను, రావు అన్నాను. నీ హనుమంతుడు పండ్ల పళ్లాలు ఎత్తుకపోతే వియ్యపోళ్ల ముంగట ఇజ్జత్ పోయేది మాది వదినా, నీది కాదు అన్నది.

16 ఫిబ్రవరి

షామియానా వాళ్లు కొలతలకు వచ్చారు. గోడ మీద పెట్టిన వాళ్ల టిఫిన్ డబ్బా ఒక కోతి ఎత్తుకుపోయింది. అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

18 ఫిబ్రవరి, మంగళవారం

కోతులు పట్టేవాళ్లు ఈ నెలలో దొరకరట. గదిలో తమ్ముడూ వసంతా చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను లోపలికి వెళ్లగానే ఆపేశారు. నువ్వు పరేషాన్ గాకు అక్కా, నేను చూసుకుంట అన్నాడు.

21 ఫిబ్రవరి, శుక్రవారం

తమ్ముడు నా కోసం అరటిపండ్లు తెచ్చాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ తేలేదు. చీమలు పడతాయని తన గదిలోనే పెట్టుకున్నాడు. పొద్దున తనే ఇస్తాడట.

వాడి మనసు మెత్తబడింది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

22 ఫిబ్రవరి, శనివారం, పొద్దున

పండ్లు పెట్టాను. చెవి తెగినదే ముందు తీసుకుంది. పిల్ల పాలు తాగుతోంది.

మధ్యాహ్నం

గన్నేరు కింద ఒకటి. నీళ్లతొట్టిలో తల వాల్చి ఒకటి.

రాత్రి

తొట్టిలోదాన్ని పైకి లాగుతుంటే నా వేళ్ల వాసన తెలిసింది. పొద్దున కర్పూరం వాసనలో పడి తెలియలేదు. పెద్దవంగరలో పత్తికి కొట్టే మందు. అది పీల్చి బతికినదాన్ని నేను.

చెవి తెగినది బెంచీ కింద దొరికింది. ఎన్నడూ తోటలోకి దిగనిది, నీళ్ల కోసం దిగినట్టుంది. చుట్టూ మట్టి గీరి గీరి చచ్చిపోయింది. పిల్ల పొట్టను వదల్లేదు. ఇంకా చీకుతూనే ఉంది.

పండ్లల్ల ఏం కలిపినవురా అని అడిగాను. తమ్ముడు తల దించుకోలేదు. నీ కష్టం చూడలేకనే చేసిన అక్కా, బొక్కలరిగేదాక చేసిన తోటను కోతుల పాలు జేసుకుంటవా అన్నాడు. మరి నువ్వే పెట్టకపోయినవా అన్నాను. పెట్టి చూసిన, నా చేతిల ముట్టలేదు, నీ చేతిలైతేనే తింటయి అన్నాడు.

ఎటో తీసుకుపోయి పాతిపెడతానని తమ్ముడంటే వసంత వద్దన్నది. వదిన తవ్విన మట్టి మెత్తగున్నది, గీడనే పెడుదం అన్నది. బంతి మడిలో పూడ్చారు, నా గడ్డపారతోనే. పిల్లను తల్లి నుంచి ఊడదీయడానికి తమ్ముడు దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. గోడ అవతల విసిరేశాడు. అది తిరిగి వచ్చి మట్టి తవ్వుతోంది.

పక్కింటి భద్రమ్మ గోడ మీదుగా తొంగిచూసి, ఏంది అండాలక్కా, గింత చీకట్ల తవ్వుతున్నరు అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వసంత అందుకుంది. పిల్ల ఎంగేజ్‌మెంట్ గదా, మా వదిన కొత్త మొక్కలు పెట్టిస్తున్నది అన్నది.

23 ఫిబ్రవరి, ఆదివారం

దీపం పెట్టలేదు.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. గీత కూడా. మందలో సగం ఇంకా మిగిలాయట. బెదిరినా, నా మొహం చూస్తే వస్తాయట. వచ్చే శనివారం కూడా ఎప్పటిలాగే నేను పండ్లు పెట్టాలి. జపం జేసే మనిషి, ఎవ్వలకు అనుమానం రాదని వసంత అన్నది. పెడితే దొడ్డి ఎప్పటికీ నాదే. పెట్టకపోతే ఎంగేజ్‌మెంట్ కాగానే చెట్లు కొట్టేసి, సిమెంటు పోసి, కారుకు షెడ్డు వేస్తారు. నీ ఇష్టమే అత్తా, మేం బలవంతం చేస్తలేము అన్నది గీత. ప్రేమగానే అన్నది.

పండ్లు ఈసారి కూడా తమ్ముడే తెస్తాడు.