చెయ్యి ఇచ్చి, మొహం తిప్పుకుని

తమ్ముడూ,

నువ్వు పోయి ఏడాదైందని ఇవాళ మన నిడదవోలు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. అయ్యాక గుమ్మం దగ్గర మా అబ్బాయి కొత్త పాస్టరుగారికి అచ్చం నీలాగే చెయ్యి చాచి, మొహం గోడవైపు తిప్పి, “వందనాలండి” అన్నాడు. ఎవరో నవ్వారు.

నీకున్న ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపమే వాడికీ ఉందనీ, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలంటే వాడికి బెదురనీ స్కూల్లో టీచర్లకి వివరించింది నేనే. ఆ నేనే వాడి గడ్డం పట్టుకుని తిప్పేశాను.

“అయ్యగారి మొహం చూసి చెప్పరా!”

వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“వదిలెయ్యండమ్మా” అంటూ పాస్టరుగారు తనూ గోడవైపు తిరిగి ఆ చెయ్యి అందుకున్నారు. “వందనాలు బాబూ.”

ఇద్దరూ హాయిగా గోడకేసి చూస్తున్నారు. నాకే ఎటు చూడాలో తెలియలేదురా.

అక్క