రేపల్లెలో నా ఓటు

తెనాలి,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

చిరంజీవి తమ్ముడు ప్రకాశానికి అక్కయ్య దీవెనలు.

ప్రభువు కృప వల్ల ఇక్కడ నా మోకాలు తప్ప అందరం బాగున్నాం. మీ ఇంట్లో ఎవరెవరు ఎలా ఉన్నారో ఈసారి విడివిడిగా రాయి. పోయిన ఉత్తరంలో "అందరం క్షేమం" అని ఒక్క ముక్కతో తేల్చేశావు. మరదలు విజయకు దగ్గు తగ్గిందా? చిన్నమ్మకు కొత్త కళ్ళజోడు కుదిరిందా?

ఇక్కడ వానలు ఆగలేదు. వీధి చివర కాలవ పూడిపోయి మురుగు మా గుమ్మం దాకా వస్తోంది. కుళాయి నీళ్ళు తెల్లవారకముందే వచ్చి, నేను బిందె తోముకునేలోపు పోతాయి. అమ్మాయి రత్న టెలిఫోన్ ఆఫీసుకు, అల్లుడుగారు బాపట్ల రైలుకు, మనవరాలు సుహాసిని కాలేజీకి వెళ్ళిపోయాక ఇల్లంతా నాదే. చదివిన పేపరే మళ్ళీ చదువుతాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎటు పోవాలో తెలియదు. ముప్పై ఏళ్ళు బడి గంటకు లేచి, బడి గంటకు కూర్చున్నదాన్ని. ఇక్కడ గంట కొట్టేవాళ్ళు లేరు. నువ్వేమీ దిగులు పెట్టుకోకు, బాగానే ఉన్నాను. అన్నం సయిస్తోంది. చేపలు మాత్రం మన రుచి కాదు.

ఇక నువ్వు రాసిన సంగతి. "నీ ఓటు ఇక్కడ రేపల్లెలో భద్రంగా ఉందక్కయ్యా, పోలింగుకు రా, స్టేషన్‌కు రిక్షా పంపిస్తాను" అన్నావు. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఎందుకంటే నాకిక్కడ కూడా ఓటు ఉంది.

వేసవిలో ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఒక మేష్టారు ఇంటింటికీ వచ్చాడు. నన్ను చూసి, "మామ్మగారూ, తమరు ఉండటానికి వచ్చారాండి, చూడటానికి వచ్చారాండి?" అని అడిగాడు. నేను చేతిలో బిందెతో అలాగే నిలబడ్డాను. నా క్లాసులో ఎవరైనా అలా నిలబడితే బెంచీ ఎక్కించేదాన్ని. ఈలోపు వంటింట్లోంచి రత్న, "ఉండటానికేనండీ, రాసేసుకోండి" అని కేకేసింది. రాసేసుకుని పోయాడు. దాని ఆపరేషన్‌కు సాయంగా రెండు నెలలని వచ్చినదాన్నని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను కాదనలేదు.

ఇప్పుడు జాబితా అచ్చయి వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర అల్లుడుగారు నవ్వుతూ, "అత్తయ్యగారూ, మీరు అదృష్టవంతులండి. పొద్దున్నే ఇక్కడో గుద్దు గుద్ది, ప్యాసింజరెక్కి రేపల్లెలో ఇంకో గుద్దు గుద్దెయ్యొచ్చు" అన్నారు.

"వేలి మీద సిరా ఉంటుందిగా నాన్నా?" అంది సుహాసిని.

"పచ్చి బొప్పాయి పాలు రుద్దితే పోతుందంటారే."

"వేలి తోలు పోతుంది బాబూ, సిరా పోదు" అన్నాను.

సుహాసినికి ఇది మొదటి ఓటు. ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించారు కాబట్టి దీనికీ వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఏమడిగిందో తెలుసా? "అమ్మమ్మా, ప్రధానమంత్రికి ఏ కాగితం మీద గుద్దాలి?" అని! చెయ్యి కడుక్కోనివ్వకుండా పాఠం చెప్పాను. ప్రధానమంత్రికి మనం ఓటు వెయ్యం. మన నియోజకవర్గం నుంచి ఒక్క మనిషిని లోక్‌సభకు పంపుతాం. అక్కడ సగానికి మించి సభ్యులు ఎవరి పక్షాన నిలబడితే వారిని రాష్ట్రపతి పిలిచి ప్రభుత్వం నడపమంటారు. ఆ బలం పోయిన రోజున వారు దిగిపోవాలి. అదే రోజు ఇచ్చే రెండో కాగితం హైదరాబాదుకు, అసెంబ్లీ సభ్యుడికి. ఎంతటివాళ్ళయినా ఐదేళ్ళు తిరిగేలోపు మన గుమ్మం తొక్కాలి. మిల్లు యజమానికీ, ఆ మిల్లులో బస్తాలు మోసేవాడికీ ఒక్కొక్కటే ఓటు. దీని గొప్పంతా అందులోనే ఉందని చెప్పాను.

"ఒక్కొక్కటే అన్నావు. మరి నీకు రెండేంటి?" అంది.

అల్లుడుగారు కంచంలోకి చూసుకున్నారు. రత్న, "పెద్దవాళ్ళతో ఏంటే ఆ మాటలు?" అని కసిరింది. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?

అప్పటి నుంచి వరండాలో ఇటు అటు తిరుగుతున్నాను. ఒకటి వదులుకోవాలి. ఏది? మీ బావగారు పోయినప్పుడు ఆయన పేరు జాబితాలోంచి తీయించింది నేనే. లేకపోతే పోలింగు ముగిసే వేళకు ఎవడో ఒకడు ఆయన పేరు చెప్పుకుని వచ్చి వేసిపోతాడు. ఆయన పేరు ఉండిన చోటు కిందనే నా పేరు. అదీ తీసేస్తే ఆ ఇంటి నంబరు మీద మాలో ఎవరమూ మిగలం. బతికుండగా ఎవరైనా తమ పేరు తామే కొట్టించుకుంటారా అని ఒక పూట. రేపల్లెలో ఉండని నేను రేపల్లె మంచిచెడ్డలు ఎలా తేలుస్తానని ఇంకో పూట.

నిన్న ఒక పార్టీ కుర్రాళ్ళు వచ్చారు. "మామ్మగారూ, మీ ఓటు మాకేనండి" అన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మురుగు చూపించాను. అందులో ఒకడు ముక్కు మూసుకుని, "మీది ఈ ఊరు కాదంటగా మామ్మగారూ, మీకెందుకండీ ఈ గొడవ?" అన్నాడు.

"ఎవర్రా చెప్పింది? నా ఓటు ఈ ఊళ్ళోనే ఉంది. ముందు కాలవ తీయించి తర్వాత రా" అన్నాను.

వాళ్ళు పోయాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు.

కాబట్టి తమ్ముడూ, రేపల్లె జాబితాలో నా పేరు తీసెయ్యమని అర్జీ రాసి, సంతకం చేసి ఇందులో పెట్టాను. నామినేషన్లు మొదలయ్యేలోపు మండలాఫీసులో స్వయంగా ఇవ్వు. ఎవరి చేతా పంపకు. కారణం దగ్గర గుమాస్తా అలవాటు కొద్దీ "చనిపోయారు" అని రాస్తాడు. పక్కన నిలబడి "ఊరు మారారు" అని రాయించు. నా మీద కోపం వస్తే రానీ, పని మాత్రం ఆపకు.

సుహాసిని స్నేహితురాలిది దుగ్గిరాల. వాళ్ళింటి పసుపు విజయకని దాచి ఉంచాను. ఎవరైనా ఇటు వస్తుంటే మన ఎండు చేపలు, అవే మెత్తళ్ళు, పంపు, ఇసుక లేకుండా చూసి మరీ పంపు. చిన్నమ్మకు నా వందనాలు చెప్పి, నా కోసం ప్రార్థన చెయ్యమను. పాస్టరుగారికీ వందనాలు. పిల్లలకు ముద్దులు.

క్రిస్మస్‌కు వస్తాను. ఆ రిక్షా ఏదో అప్పుడు పంపు. దారిలో ఎవరైనా "టీచరమ్మగారు ఉండటానికి వచ్చారాండి?" అని అడిగితే, చూడటానికి వచ్చిందని నువ్వే చెప్పు. ఆ మాటకు నాకింకా నోరు తిరగడం లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్కయ్య
కరుణమ్మ