పద్నాలుగో నంబరు వరుసలో మూడో గడి

కీర్తిశేషులు తాతబాబు కుమార్తెను, కీర్తిశేషులు కృష్ణకుమార్ భార్యను, మలేషియాలోని తెలుక్ ఇంటాన్ నివాసిని, విశ్రాంత గణిత ఉపాధ్యాయిని రత్నావతి అను నేను, డెబ్బై అయిదో ఏట, ఎవరి ప్రలోభమూ బలవంతమూ లేకుండా, నా చేత్తో నేను రాస్తున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగా ఉందని ఇక్కడ రాయాలి. పోయిన ఆదివారం దాకా అయితే ఆ మాట ఆలోచించకుండా రాసేదాన్ని. మంగళవారంనాడు డాక్టరుగారు పరీక్షించి, బుద్ధి, జ్ఞాపకం రెండూ నిక్షేపంగా ఉన్నాయని రాసిచ్చారు. ఆ కాగితం జతచేశాను. నా కళ్ళు ఎదురుగా ఉన్నదాన్ని చూస్తాయా, నేను అనుకున్నదాన్ని చూస్తాయా అని మాత్రం ఆయన అడగలేదు. ఆయన కాగితాన్ని ఆధారం చేసుకొని నా బుద్ధి స్థిరంగానే ఉందని ప్రకటిస్తున్నాను.

దీని ఇంగ్లీషు ప్రతి లాయరు లోగేశ్వరి దగ్గర ఉంటుంది. ఆస్తుల విషయంలో తేడా వస్తే ఆ ప్రతే చెల్లుతుంది. ఈ తెలుగు ప్రతి ఇంట్లోవాళ్ళ కోసం. దీన్ని నా కూతురు మాధవి పైకి చదవాలి. ఆమె కూతురు తనూషకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. కాబట్టి ఒక్క వాక్యం కూడా దాటేయకూడదు. నా పరువు కాపాడాలని ఏ మాటా మార్చకూడదు.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కొడుకు ప్రేమ్‌నాథ్‌ది. అతనికి ప్రతి పనీ రేపు చూద్దామనే అలవాటు ఉంది గనుక గడువు కూడా రాస్తున్నాను: నేను పోయిన నాటినుంచి తొంభై రోజులు.

2. ఇల్లు మాధవికీ ప్రేమ్‌నాథ్‌కూ సమానంగా, సర్వహక్కులతో చెందుతుంది. మాధవి ఉన్నన్నాళ్ళూ అందులో ఉండవచ్చు. మా అమ్మ పోలమ్మ ఎస్టేటులో రబ్బరు పాలు తీసిన రోజుల్లో చేయించుకున్న రెండు గాజులు మాధవివి. ఆమె పెళ్ళికి నేను అడ్డు చెప్పాను. అల్లుడి విషయంలో నా అంచనా తప్పని పదేళ్ళ కిందటే తెలిసింది. తెలిసినా చెప్పలేదు. తప్పు తెలిశాక చెప్పకపోవడం నాకు కొత్త కాదని ఈ వారమే గమనించాను.

3. ఇంటిని ఆనుకొని ఉన్న సిమెంటు కోర్టు, దాని స్థలం, రెండు స్తంభాలతో సహా మెలూర్ బాలికల బాస్కెట్‌బాల్ క్లబ్‌కు చెందుతాయి. ఆ కోర్టును నా భర్త వేశారు. మొదటి రింగును ఆయన పామాయిల్ మిల్లు వర్క్‌షాపులో ఇనుప గొట్టం వంచి చేశారు. అది ఒక పక్కకు కొంచెం వాలి ఉంటుంది, అలాగే ఉంచాలి. ఈ స్థలాన్ని కార్ల పార్కింగుకు ఇవ్వకూడదు. ప్రేమ్‌నాథ్ ఆ సలహా రెండుసార్లు తెచ్చాడు. రెండుసార్లూ క్లబ్ కమిటీ మినిట్స్‌లో రాశాను.

4. నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు మా జట్టులో ఆడే తివ్యకు. సగం ఆట అయ్యాక పిల్లలకు నేను నారింజ తొనలు తెచ్చింది అందులోనే. మనిషికి ఆరు. తివ్య ఎప్పుడూ ఎనిమిది తీసుకునేది. చూశాను, ఏమీ అనలేదు. ఇకమీదట పంచేది తనే గనుక తన వంతు తానే తేల్చుకోవాలి.

5. నా స్టాప్‌వాచీ కోచ్ లోగన్‌కు. ఆరేళ్ళ కిందట అతను కోర్టు పక్కన నిలబడి నా గురించి ఎవరితోనో అన్న మాట, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే "లా"తో సహా, నా చెవిన పడింది: "టీచర్‌కి ఆట తెల్దు లా, అంకెలే తెలుసు." ఆరేళ్ళు ఆ మాట మీద కోపం పెట్టుకున్నాను. కోపం తీసేస్తున్నాను. అంకెలు కూడా తెలియవని తేలాక దానికి ఆధారం లేదు.

6. నా స్కోరు పుస్తకాలు ఇరవై. వాటిలో పంతొమ్మిదోది తప్ప మిగతావన్నీ క్లబ్‌కు. పంతొమ్మిదోది తనూషకు. ఎందుకో రాయాలి.

ఇరవై రెండేళ్ళుగా మా కోర్టులో ఏ ఆట జరిగినా బల్ల దగ్గర కూర్చొని పుస్తకం రాసేది నేనే. ఎదుటి జట్లు కూడా, రత్నావతి టీచర్ రాస్తే చాలు, ఇంకెవరూ అక్కర్లేదు అనేవి. సొంత మనవరాలు ఆడుతున్నా నా కలం ఒక గీత అటూ ఇటూ పోదని జిల్లా అంతా చెప్పుకునేది. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో ఇప్పుడు రాస్తుంటే భయం వేస్తోంది.

నిరుడు ఆగస్టు పదిహేడున జిల్లా ఫైనల్. ఈ ఆటలో ఒక పిల్ల పేరున అయిదు ఫౌళ్ళు పడితే బయటికి వెళ్ళిపోవాలి, మళ్ళీ రాకూడదు. నాలుగో క్వార్టరులో మూడు నిమిషాల నలభై సెకన్లు మిగిలాయి. మేము నాలుగు పాయింట్లు ముందున్నాం. తనూష పేరున ఫౌల్ పడింది. పుస్తకంలో అది అయిదోది. నేను చెయ్యి ఎత్తాను.

తనూష బల్ల దగ్గరికి వచ్చింది. "నాలుగే లా అమ్మమ్మా. నాను లెక్కెట్టుకున్నాను," అంది. పుస్తకంలో అయిదు ఉన్నాయి, బయటికి నడు, అన్నాను. తిరిగి చూడమని అడిగింది. చూడలేదు. అరవై ఒకటికి అరవైతో ఓడిపోయాం.

ఆ తరవాత ఆ పిల్ల మారిపోయింది. సాధనకు వస్తుంది, చెప్పినంత చేస్తుంది, వెళ్ళిపోతుంది. నారింజ తొనలు ముట్టదు. ఒకే ఇంట్లో ఉంటూ నాతో పాటు కోర్టుకు నడవడం మానేసి, ముందో వెనకో విడిగా వస్తుంది. పొగరు అన్నాను. ఏప్రిల్లో సైబర్‌జయ పట్నం క్లబ్ ఒకటి ఆమె కోసం మమ్మల్ని అడిగింది: మీ పిల్లను మాకివ్వండి, బదులుగా పొడుగైన ఇద్దరిని ఇస్తాం అని. తనను వెళ్ళనివ్వమని తనూష కూడా ఉత్తరం రాసింది. క్లబ్ అధ్యక్షురాలిగా నా సంతకం లేనిదే అది కుదరదు. పొగరు దిగాక చూద్దామని ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను. ఆ రోజు ఆమె నాతో అన్నది ఒక్క మాటే: "నువ్వు నన్ను నమ్మనేదు. పొత్తకాన్నే నమ్మినావు."

పోయిన ఆదివారం కమిటీ కూర్చుంది. మార్పిడికి గడువు ఈ నెల ముప్పై. లోగన్ ఇచ్చేయమన్నాడు. మొహం మాడ్చుకున్న ఒక్కత్తికన్నా నవ్వుతూ ఆడే ఇద్దరు నయమని అతని వాదం. ప్రేమ్‌నాథ్ వద్దన్నాడు. "అది పోతే మనకి టీమేటి ఉంటాదమ్మా, బెంచీలుంటాయి," అన్నాడు. రెండు పక్కలా నా దగ్గర అంకెలు ఉన్నాయి. తనూష నలభై ఒక్క ఆటల్లో ఏడువందల మూడు పాయింట్లు చేసింది. ఆమె లేని ఆరింటిలో మేము గెలిచింది ఒక్కటి. కొత్త పిల్లలతో జట్టు మళ్ళీ కట్టాలంటే మూడేళ్ళు పడుతుందని కూడా లెక్క వేసి తీసుకెళ్ళాను. ఆ పిల్ల ఎందుకు బాధపడుతోందన్న దానికి నా కాగితంలో గడి లేదు.

తనూష ప్రవర్తన చూపిస్తానని లోగన్ తన ట్యాబ్లెట్‌లో ఆ ఫైనల్ వీడియో పెట్టాడు. బయటికి పంపాక బల్లవైపు చూడకుండా ఎలా వెళ్ళిపోయిందో చూడండి అన్నాడు. తరవాత టీ తేవడానికి లేచాడు. అతని వేలు తగిలి వీడియో వెనక్కి జరిగి నడుస్తూ ఉంది. రెండో క్వార్టరు వచ్చింది. రిఫరీ రెంగసామి ఈల వేశాడు. ఫౌల్ చేసిన పిల్ల నంబరును మా బల్లవైపు తిరిగి చేతులతో చూపించాడు. కుడి పిడికిలి అంటే పది. ఎడమచేతి వేళ్ళు మిగతా అంకె. నాలుగు వేళ్ళయితే పద్నాలుగు, తనూష. బొటనవేలు కూడా విచ్చుకుంటే పదిహేను, తివ్య.

బొటనవేలు విచ్చుకుని ఉంది.

వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. మూడుసార్లూ విచ్చుకునే ఉంది. తెరమీద బల్ల దగ్గర నేను కూడా ఉన్నాను. అప్పటికే తల వంచి రాసేస్తున్నాను. చెయ్యి పూర్తిగా తెరుచుకోకముందే రాసి, సరేనని తల ఊపుతున్నాను. నన్ను నేను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

తలనొప్పి అని చెప్పి సమావేశం మధ్యలో లేచి వచ్చేశాను. అలా లేవడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చి పంతొమ్మిదో పుస్తకం తీశాను. పద్నాలుగో నంబరు వరుస, మూడో గడి. ఎర్ర సిరా. అందంగా, గడి మధ్యలో ఉంది నా అక్షరం. అది కింది వరుసలో, తివ్య పేరున ఉండాలి. తివ్య తప్పు ఏమీ లేదు. బల్లమీద ఏం రాస్తున్నారో ఆడే పిల్ల చూడదు.

నేను చూసి రాయలేదు. తనూషే చేసి ఉంటుందనుకొని రాశాను. అంతకుముందు వారమంతా చెయ్యి అదుపులో పెట్టుకోమని ఆమెను కోప్పడుతూ వచ్చాను. మనవరాలిని చూసీచూడనట్టు వదిలేసిందని ఎవరూ అనకూడదన్న పట్టుదల నాది. మిగతా పిల్లలందరి విషయంలో చెయ్యి పూర్తిగా తెరుచుకునేదాకా ఆగాను. ఆమె విషయంలో ఆగలేదు. పక్షపాతం అంటే ఇటువైపు కూడా ఉంటుందని డెబ్బై అయిదేళ్ళకు తెలిసింది.

సోమవారం రెంగసామి ఇంటికి వెళ్ళి అడిగాను. "నాను పదిహేనే సూపించినాను టీచర్. మీరు తలూపినారు. మీరు ఊపితే నానేటి అడుగుతాను," అన్నాడు.

రిఫరీ సంతకం పడ్డ పుస్తకాన్ని దిద్దకూడదు. కప్పు గెలిచిన జట్టుదే, వాళ్ళను ఇబ్బంది పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ పేజీని దిద్దలేదు. దాని వెనుక జరిగింది రాసి, తేదీ వేసి, సంతకం చేశాను.

7. తనూషను క్లబ్‌నుంచి విడుదల చేస్తూ ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టి కవరులో ఉంచాను. నా అనంతరం ప్రేమ్‌నాథ్ ఆ కవరును, పంతొమ్మిదో పుస్తకాన్ని కలిపి ఆమె చేతికి ఇవ్వాలి.

8. ఇది మార్పిడి కాదు, విడుదల. సైబర్‌జయనుంచి ఇద్దరిని కాదు గదా, ఒక్కరిని కూడా బదులు తీసుకోకూడదు. నేను అన్యాయంగా బయటికి పంపిన పిల్లను చూపించి క్లబ్ లాభపడకూడదు. జట్టును తివ్య నాయకత్వంలో కింది తరగతుల పిల్లలతో మళ్ళీ కట్టాలి. ఓడిపోతారు. మూడేళ్ళని నేను లెక్క వేశాను, ఆ లెక్క కూడా తప్పు కావచ్చు. పద్నాలుగో నంబరు చొక్కాను గోడకు తగిలించకుండా ఎవరికి సరిపోతే వారికి ఇవ్వాలి. బల్ల దగ్గర ఇకమీదట ఇద్దరు కూర్చోవాలి. ఆడే పిల్లల బంధువులు కూర్చోకూడదు. ఆ బల్లకు ఈ రోజుతో నేను రాజీనామా చేస్తున్నాను.

9. పైన రాసినదంతా ఒకసారి చదువుకున్నాను. ఏడో నిబంధన దగ్గర ఆగిపోయాను. వీలునామా మనిషి పోయాక చదివేది. మార్పిడి గడువు సోమవారం. డాక్టరు మాట ప్రకారం నేను సోమవారంలోపు పోయేలా లేను. అంటే నా తప్పు ఆ పిల్లకు తెలిసేసరికి ఆమె ఆడే వయసు దాటిపోవచ్చు, జవాబు చెప్పించుకోవడానికి నేనూ ఉండను. అల్లుడి విషయంలో పదేళ్ళు చేసిన పనే మళ్ళీ చట్టబద్ధంగా చేయబోయాను.

కాబట్టి ఏడో నిబంధనను, ఆరో నిబంధనలో పంతొమ్మిదో పుస్తకం గురించిన మాటను రద్దు చేస్తున్నాను. ఆ కవరు, ఆ పుస్తకం ఇక నా ఆస్తిలో భాగం కావు. రేపు శుక్రవారం సాయంత్రం సాధనకు పిల్లలంతా వచ్చాక, లోగన్, ప్రేమ్‌నాథ్ ఉండగా, తనూషను ఎక్కడ నిలబెట్టి బయటికి పంపానో ఆ బల్ల దగ్గరే ఆ పేజీ తెరిచి, ఆమె చెప్పిన లెక్కే సరైనదని నా నోటితో చెబుతాను. కవరు చేతికిస్తాను. అందులో ఆమె వెళ్ళే క్లబ్ పేరు రాసే చోటు ఖాళీగా వదిలాను. ఆ ఉత్తరంతో వెళ్ళినా, చింపేసి ఇక్కడే ఉన్నా అది ఆమె ఇష్టం. నాతో మాట్లాడకపోయినా ఆమె ఇష్టమే. ఈసారి చెయ్యి పూర్తిగా తెరుచుకునేదాకా చూస్తాను.

తెలుక్ ఇంటాన్, 26 జూన్ 2025, గురువారం.

(సంతకం) రత్నావతి

సాక్షులు, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసినవారు. ఇద్దరికీ ఈ వీలునామాలో ఏ వాటా లేదు:

1. లోగేశ్వరి, లాయరు, తెలుక్ ఇంటాన్.

2. రెంగసామి, విశ్రాంత రిఫరీ. ఏడో నిబంధన కొట్టివేత నా ఎదుటే జరిగింది. ఆ రోజు నేను చూపించింది అయిదు వేళ్ళు. రేపు నేను కూడా బల్ల దగ్గర ఉంటాను.