నీ సవతి ఇంకా ఠాణాలోనే ఉంది

అవ్వా,

నీకు నీ కన్నబిడ్డ దండం. నువ్వు పోయి ఏడు నెలలు నిండాయి. ఇన్నాళ్ళూ రాద్దామని కూర్చుంటే ఏడుపే వచ్చేది. నిన్నటి నుంచి కోపం వస్తోంది, అందుకే రాయగలుగుతున్నాను.

నిన్న సిద్దిపేటకు, మన ఇంటికి వెళ్ళాను. అన్న భోజనానికి పిలిచాడు, వదిన నాటుకోడి వండింది. చేయి కడుక్కుని వచ్చేసరికి అన్న ఒక కాగితం ముందు పెట్టాడు. బాపుకు వయసైపోయిందట, తుపాకీ లైసెన్సు తన పేరు మీదికి మార్చుకుంటాడట. వారసుల్లో నేనూ ఒకదాన్ని కాబట్టి నాకు అభ్యంతరం లేదని సంతకం చేయాలట. కేసు ఎటూ మూసేశారు, తుపాకీ ఠాణాలో ఊరికే తుప్పు పడుతోందట... పట్టనీ. నిన్ను తీసుకుపోయినదాని మీద వాడికి అంత బెంగ ఎందుకు?

నీకు గుర్తుందా, మర్కూక్ దగ్గర మన భూముల ధరలు పెరిగినప్పుడు హద్దుల తగాదా వచ్చిందని బాపు దాన్ని కొన్నాడు. తగాదా ఏడాదిలో తెగిపోయింది. తుపాకీ మాత్రం ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళిళ్ళకు నడుముకు పెట్టుకుని పోయేవాడు. నలుగురికీ కనబడేలా అంగీ కాస్త పైకి జరుపుకుని కూర్చునేవాడు. ఇంటికొచ్చాక నీ బీరువాలో, నీ చీరల కింద దోపేవాడు. గుళ్ళు తీసి పెట్టమంటే వినలేదు, గుళ్ళు లేని తుపాకీ ఎందుకని వాదించేవాడు. ఇన్నేళ్ళలో మన ఇంటికి ఒక్క దొంగైనా వచ్చాడా?

నువ్వు దానికి సవతి అని పేరు పెట్టావు. నేను చీర కోసం బీరువా తెరిస్తే, "మెల్లగ తియ్యి బిడ్డా, అండ్ల నా సవతి పండుకున్నది" అనేదానివి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి కదా, ఆ రోజులు నీకు పండగే. "సవతి పుట్టింటికి పోయింది, ఇగ నా బీరువ నాది" అని చీరలన్నీ బయటికి తీసి, దులిపి, మడతలు మార్చి పెట్టుకునేదానివి. మేమంతా నవ్వేవాళ్ళం. నీ భయం మాకు నవ్వులాటగా ఎట్లా కనబడిందో...

పోయిన ఎన్నికలు అయిపోయాక ఒక పొద్దున బాపు దాన్ని ఠాణా నుంచి తెచ్చాడు. నీకు ఒక్క మాట చెప్పకుండా గుళ్ళు నింపి, ఎప్పటి చోటే పెట్టి, చేర్యాలలో పని ఉందని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఫోన్ చేసింది నేనే. ప్రజ్ఞాపూర్‌లో మా కొత్తింటి గృహప్రవేశానికి నీ గొల్లభామ చీర కట్టుకుంటాను, తీసి పెట్టమన్నాను. "అడుగున ఉన్నది, ఆగు గుంజుత" అన్నావు. సవతి ఇంకా పుట్టింట్లోనే ఉందనుకున్నావు. లేకపోతే నువ్వు అట్లా గుంజేదానివా? చీరతో పాటు అదీ జారి కింద పడింది. పేలిన చప్పుడు నేను ఫోన్‌లో విన్నాను. తర్వాత ఎంత పిలిచినా నువ్వు పలకలేదు.

పోలీసులకు బాపు ఏం చెప్పాడో తెలుసా? చూసుకోకుండా చీర లాగిందని చెప్పాడు. కాగితాల్లో అదే ఉంది, మృతురాలి అజాగ్రత్త అని. పొయ్యి మీద పాలు కూడా ఏనాడూ పొంగనివ్వని నువ్వు అజాగ్రత్త మనిషివి. గుళ్ళు నింపిన తుపాకీని చీరల కింద పెట్టి పోయినాయన జాగ్రత్త మనిషి. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది.

బాపు ఇప్పుడు ఆ గదిలోకి పోవడం లేదు, మంచం హాల్లో వేసుకున్నాడు. జాలేస్తుంది. అయినా క్షమించలేకపోతున్నాను. ఆ చీర అడిగిన నన్నూ క్షమించుకోలేను... ఇంకో చీర అడిగి ఉంటే ఏమయ్యేది?

నిన్న అన్న మాట్లాడుతున్నంతసేపూ వదిన అతని వెనక నిలబడింది. ఇప్పుడు ఆ బీరువాలో ఉన్నవి ఆమె చీరలు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నీలా నవ్వి సరిపెట్టుకోవడం ఆమెకు చేతకావడం లేదు.

నేను పెన్ను తీసుకుని "అభ్యంతరం లేదు" అన్నచోట "లేదు" కొట్టేసి "ఉంది" అని రాసి సంతకం పెట్టాను. అన్న కాగితం లాక్కుని చింపేశాడు. పెళ్ళై పోయినదానివి, ఈ ఇంటి సంగతులు నీకెందుకన్నాడు. సంతకం కావాల్సినప్పుడు మాత్రం నేను ఈ ఇంటిదాన్నే.

చింపితే చింపాడు. ఇవాళ తెల్లకాగితం మీద మొత్తం నేనే రాశాను. ఫోన్‌లో నువ్వన్న మాటా, నేను విన్న చప్పుడూ, తుపాకీ వచ్చిందని నీకెవరూ చెప్పలేదన్న సంగతీ. అజాగ్రత్త ఎవరిదో పేరు పెట్టి రాశాను. రేపు పొద్దున పోలీసు ఆఫీసులో ఇచ్చి, నా కాపీ మీద ముద్ర వేయించుకుని వస్తాను. అన్న నాతో మాట్లాడడం మానేస్తాడు, తెలుసు. మానేయనీ.

నీ సవతి పుట్టింట్లోనే ఉంటుంది అవ్వా. వదిన తన చీర తాను భయం లేకుండా తీసుకుంటుంది. అది మాత్రం నేను చూసుకుంటాను.

నీ బిడ్డ,
సుజాత