మెడ మీద గడ్డ

నరసమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నా మెడ మీద గడ్డ లేచి చాలా రోజులైంది. రోజూ ఫోనులోని ఏఐని అడుగుతున్నాను. "వెంటనే డాక్టరుకు చూపించుకోండి" అని అది విసుక్కోకుండా చెబుతోంది. నిన్న, నేనెందుకు పోవడం లేదని దాన్నే అడిగాను. "పోతే ఏం తెలుస్తుందోనని మీరు భయపడుతున్నట్టుంది" అంది. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా, ఎమ్మిగనూరు బస్టాండు దాకా పోయి, ఆదోని ఆసుపత్రికి పోయే బస్సు ఎక్కకుండానే ఇంటికొచ్చాను. నువ్వుంటే "లెయ్, సొక్కా ఏసుకో" అని చెయ్యి పట్టి లాక్కుపోయేదానివి.

పొద్దున నీ ఫొటోకు దండ వేస్తుంటే మన అమ్మాయి గడ్డను చూసింది. "ఎన్నాళ్ల నుంచి ఉండాది నాయనా? పా, ఇప్పుడే పోదాం" అని ఏడ్చింది.

"ఈ పొద్దు మీ అమ్మ తిథి కదా, సోమవారం పోదాంలేమ్మా" అన్నాను.

చివరికి నిన్ను కూడా అడ్డం పెట్టుకున్నాను.