మూసిన తలుపు వెనక కాఫీ

బోంగా,
టికిమ్ట్ నెల, 24వ తేదీ.

అమ్మకు,

సెలవు మీద వచ్చిన సెనైత్ అక్క ఎల్లుండి తిరిగి బేరూత్ బయల్దేరుతోంది. ఆమె చేతికి ఇవ్వాలంటే ఈ ఉత్తరం రేపటికల్లా పూర్తి కావాలి. శుక్రవారం ఫోన్లో చెప్పే మాటలు కావివి. అక్కడ నువ్వు పనిచేసే ఇంటి మేడమ్ నీ పక్కనే నిలబడి ఉంటుంది, ఇక్కడ అమ్మమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంటుంది. "బాగున్నాను, బాగున్నాం" అనుకునేలోపు పది నిమిషాలు అయిపోతాయి. మరో రెండేళ్ల పనికి సంతకం పెడతావో లేదో వచ్చే హిదార్ నెలాఖరులోగా నువ్వు మేడమ్‌కు చెప్పాలట గదా. ఆ మాట చెప్పేముందు ఇక్కడి సంగతులన్నీ నీకు తెలియాలి.

మేమిక్కడ క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. మా క్షేమం నిజమే. అమ్మమ్మ తింటోంది, తిడుతోంది, హాయిగా నిద్రపోతోంది. నీ క్షేమం గురించి కింద రాస్తాను.

సెనైత్ అక్కా, ఆదివారం చర్చి బయట మెట్ల మీద కూర్చుని నువ్వే అమ్మకు ఇది చదివి వినిపిస్తావు. తొందరపడకు. అమ్మ ఆపమంటే ఆపు. కాని మధ్యలో ఏ ముక్కా వదిలేయకు.

అమ్మా, అక్క చేత నువ్వు రాయించిన ఉత్తరంలోని ప్రశ్నలకు ముందు జవాబులు. వంటింటి మీద రేకు మార్పించాను, ఈ వానల్లో ఒక్క చుక్క కారలేదు. అమ్మమ్మ మోకాలు ఎండ కాస్తే నయం, మబ్బు పడితే నొప్పి. నువ్వు వెళ్లేముందు పెరట్లో నాటిన, అరటి చెట్టులాంటి ఎన్సెట్ మొక్కలు చూరు దాటి పోయాయి. మెస్కెల్ పండుగకు ఒకదాన్ని కొట్టి, బోదె గీకి పిండి పులియబెట్టుకున్నాం. రెండోదాన్ని అమ్మమ్మ ముట్టుకోనివ్వడం లేదు. "అది దాన్ని నాటినదానికి" అంటుంది. ఆఫీసుకు నల్ల బూట్లు కొనుక్కున్నావా అని అడిగావు. కొన్నాను. వాటి సంగతి కూడా కిందే.

ఆదివారాలు సరదాకి వేయించే కాఫీ ఇంకా వేయిస్తున్నావా అని అడిగావు. వేయిస్తున్నాను. కాని సరదాకి కాదు, ఆదివారాలు మాత్రమే కాదు.

నీకు మొదటినుంచీ చెప్పలేదు. మా ఆఫీసులో దస్త్రాల గది చూసే ఆవిడకు నిరుడు చేయి విరిగింది. పెనం మీద గింజలు కలపలేక, మూడు రోజులు కాఫీ లేకుండా మొహం వేలాడేసుకుని కూర్చుంది. నేను ఇంట్లో వేయించి పొట్లం కట్టి ఇచ్చాను. ఆమె చేయి అతుక్కున్నాక కూడా, "నీ గింజే బాగుంది ఫాంతాయే, నాకు అలవాటైపోయింది" అంది. తర్వాత అద్దె గదుల్లో ఉండే టీచర్లు వచ్చారు. ఇంటివాళ్లు పొగ పెట్టనివ్వరట. ఆ తర్వాత బస్సుల దగ్గరి భోజనశాల, జిమ్మా పట్నంలో రెండు అంగళ్లు. మామయ్య అడవి నుంచి తెచ్చే గింజలే. నేను ఏరి, కడిగి, వేయించి, చల్లార్చి కట్టడమే.

అమ్మమ్మ మొదటిరోజే నవ్వింది. "వేయించిన కాఫీ కొనుక్కునేవాళ్లు ఎవరే? రేపు నమిలిన రొట్టె కూడా పొట్లం కట్టి అమ్ముతావా?"

ఇప్పుడు మాత్రం రోజూ పొద్దున్నే నా పక్కన పీట వేసుకు కూర్చుంటుంది. నేను గడియారం చూసి నిమిషాలు నోటుపుస్తకంలో రాసుకుంటుంటే ఊరుకోదు. "గింజకు గంటలు తెలుసా? చెవి పెట్టు" అంటుంది. మొదటి చిటపట మొక్కజొన్న పేలినట్టు గట్టిగా వస్తుంది. రెండోది ఎండుటాకులు నలిగినట్టు సన్నగా ఉంటుంది. ఆ రెంటి మధ్య ఎక్కడ దించాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మొదటి నెలలో రెండు సంచుల గింజలు బొగ్గు చేశాను. ఇప్పుడు చేయడం లేదు.

ఇక బూట్లు. రెండు నెలల కిందట, నెహసే నెలాఖరున నేను ఆఫీసు మానేశాను అమ్మా. ఎవరూ తీసేయలేదు. "రోజూ పొగ కంపుతో వస్తున్నావు. ఇది ఆఫీసనుకున్నావా, కాఫీ పందిరనుకున్నావా? ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు పెద్దాయన. అప్పుడు సాయంత్రం దాకా కూర్చుని, రాజీనామా నేనే చక్కటి దస్తూరీతో రాసిచ్చాను. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం నీతో "ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను" అంటూ వచ్చాను. ఆ అబద్ధం ఎనిమిదిసార్లు ఆడాను. బూట్లు మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి.

నన్ను చదివించడానికి నువ్వు సముద్రం దాటావు. మన ఇంట్లో పేరు రాయగలిగిన మొదటి మనిషిని నేను. చివరికి పేరు రాయడం రాని ఆడవాళ్లందరూ చేసే పనికే వచ్చి కూర్చున్నానని నీకనిపిస్తుంది. పెనం పొయ్యి మీద పెట్టిన ప్రతి ఉదయం నాకూ అనిపిస్తుంది. అయినా లేచి పోబుద్ధి కాదు. రెండేళ్లు ఆ కుర్చీలో ఊళ్లోవాళ్ల పేర్లు ఒక దస్త్రంలోంచి ఇంకో దస్త్రంలోకి ఎక్కించాను, ఏ ఒక్క రోజూ సాయంత్రం నా చేతులు చూసుకోవాలనిపించలేదు. ఇప్పుడు చూసుకుంటాను. కాలిన మచ్చలున్నాయి, కాని చూసుకుంటాను.

ఇంత వరకే అయితే ఫోన్లో అయినా ఎలాగో చెప్పేదాన్ని. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఇల్లు దాటిన వాసనే పిలుపని నాకు నేర్పింది నువ్వే. పక్కింట్లో గింజ వేగితే ఎవరూ పిలవనక్కర్లేదు, పీట చంకన పెట్టుకుని వెళ్లడమే. మొదట్లో నా వాసనకు అందరూ వచ్చారు. పక్కింటి జెనెబెచ్ పిన్ని అందరికంటే ముందు వచ్చేది. గడ్డి పరిచాను, సాంబ్రాణి వేశాను, పేలాలు పెట్టాను, అదే పొడిని మళ్లీ మళ్లీ కాచి మూడు వాయిలూ పోశాను. కాని నేను రోజుకు ఎనిమిదిసార్లు వేయిస్తాను. ప్రతిసారీ కొత్తగా ఎవరో ఒకరు గడపలో నిలబడతారు. మూడో వాయి తాగకుండా లేవమనడం ఎలా? జిమ్మా బస్సు రెండుసార్లు తప్పిపోయింది. అంగడివాడు, "ఇంకోసారి ఇలాగయితే వేరేవాళ్లను చూసుకుంటా" అన్నాడు.

అందుకని మెస్కెల్ వెళ్లిన మరుసటి మంగళవారం తలుపు మూశాను. గడియ పెట్టి, కిటికీకి తడి దుప్పటి కట్టి, గడప సందులో గుడ్డలు కుక్కాను. అమ్మమ్మ పొగకు దగ్గుతూ, "కాఫీ వాసన దాచిపెట్టేదానికి అంత చదువెందుకే?" అంది. నేను వినిపించుకోలేదు. పొగ రేకుల సందుల్లోంచి ఎలాగూ బయటికి పోయింది.

కాసేపటికి తలుపు తట్టారు.

"ఫాంతాయే, ఏమ్మా, ఎవరికన్నా ఒంట్లో బాలేదా?" జెనెబెచ్ పిన్ని గొంతు.

నేను పలకలేదు. పెనం ముందే కూర్చున్నాను. అప్పుడే గింజలు చిటపటలాడడం మొదలుపెట్టాయి. దించితే పచ్చివాసన, దించకపోతే ఆ చప్పుడు. నేను దించలేదు. పిన్ని అవతల నిలబడి ఆ చప్పుడంతా విన్నది. ఆమె చెప్పులు మెల్లగా వెనక్కి మళ్లడం నేనూ విన్నాను. అమ్మమ్మ నావైపు చూడలేదు.

ఆ రోజు నుంచి ఈ వీధిలో ఎవరూ నన్ను కాఫీకి పిలవలేదు. ఎదురుపడితే మాట్లాడతారు, ఆరోగ్యం అడుగుతారు, పశువుల యోగక్షేమాలు కూడా అడుగుతారు, మనకు పశువులు లేకపోయినా. కాఫీకి మాత్రం రమ్మనరు. కష్టంలో ఉన్నవాళ్లు "కలిసి కాఫీ తాగే మనిషి లేకుండా పోయింది" అంటుంటారు గదా, అది మాటవరసకు అంటారనుకునేదాన్ని. ఇంట్లో గోనెల కొద్దీ కాఫీ ఉంది. కలిసి తాగే మనిషి లేదు.

నాలుగు వారాలు అలా గడిచాయి. పోయిన శనివారం పిన్ని ఇంట్లోంచి వాసన వచ్చింది. పీట తీసుకుని నేనే వెళ్లి గడపలో నిలబడ్డాను. లోపల ఇద్దరు ఆడవాళ్లున్నారు. పిన్ని పొగలు కక్కుతున్న పెనం వాళ్ల ముందుకు తీసుకెళ్లింది, వాళ్లు చేత్తో ఆ పొగను మొహానికి తెచ్చుకుని దీవించారు. నా ముందుకు తేలేదు. మొదటి వాయి పోసింది, నాకివ్వలేదు. రెండోదీ ఇవ్వలేదు. నేను కదల్లేదు. మూడోదాంట్లో ఒక కప్పు నా చేతిలో పెట్టింది. పలచటిదే. కాని దీవెన మూడో వాయిలోనే ఉంటుంది గదా.

వాళ్లిద్దరూ వెళ్లిపోయాక అడిగాను. "పిన్నీ, తలుపు మూసినందుకు ఇంత కోపమా?"

"కోపం కాఫీ గురించి అనుకుంటున్నావా? నా ఇంట్లో కాఫీ లేదా? నువ్వు పుట్టకముందునుంచీ తాగుతున్నా."

"మరి?"

"ఆ రోజు మా హిరుత్ సంగతి మాట్లాడడానికొచ్చా. అప్పటికి ఇంటిపనికి పంపే ఏజెంటు కాగితాలు తెచ్చి వారమైంది. బేరూత్. దానికిష్టం లేదు. 'ఫాంతాయే అక్క దగ్గర కూర్చుని వేయిస్తానమ్మా' అంది. మీ అమ్మమ్మ కూడా అంది, దాని చెవి మంచిదని. సరే, అడిగి చూద్దామని వచ్చా. అప్పుడు నీ గింజలు మాట్లాడాయి, నువ్వు మాట్లాడలేదు."

"ఇంకోసారి అడగొచ్చు గదా పిన్నీ."

"మూసిన తలుపు ఎన్నిసార్లు కొట్టమంటావే? ఆ సాయంత్రమే అది వేలిముద్ర వేసింది."

హిరుత్ నీకు గుర్తుందా అమ్మా? నువ్వు వెళ్లేనాడు బస్సు వెంట పరుగెత్తిన పదమూడేళ్ల పిల్ల. ఇప్పుడు పంతొమ్మిది. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ పొయ్యి దగ్గర కప్పులు కడుగుతూనే ఉంది, ఒక్కసారీ తలెత్తలేదు. హిదార్ ఇరవైన దానికి విమానం.

"పంపొద్దు పిన్నీ, నేను ఉంచుకుంటాను, రేపటినుంచే రమ్మను" అన్నాను.

పిన్ని నవ్వింది. "నిన్న తలుపు మూసినదానివి, రేపు మూయవని ఏమిటి? అయినా ఎందుకు పంపకూడదు? మీ అమ్మ ఆరేళ్లుగా అక్కడే ఉంది. ఎప్పుడడిగినా బాగున్నానంటుంది. బాగుండే చోటికి నా బిడ్డను పంపితే తప్పేంటి?"

నేను ఖాళీ కప్పు కింద పెట్టాను. పిన్నే మళ్లీ అంది. "మీ అమ్మ ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టకుండా తిరిగొస్తున్నానని తన నోటితో చెప్పనీ. ఆ రోజే మా పిల్ల కాగితాలు వెనక్కి తెచ్చుకుంటా. ఏజెంటు గొంతు చించుకోనీ."

ఇప్పుడు నీ క్షేమం సంగతి. సెనైత్ అక్కా, ఇది కూడా చదువు, నీ మీద కోపం తెచ్చుకోవద్దని అమ్మకు ముందే చెబుతున్నాను. మొన్న అక్క మన ఇంట్లో కూర్చుని ఏదో మాటల్లో, "బాల్కనీలో చలి ఎక్కువని మా దుప్పటి మీ అమ్మకిచ్చా" అంది. అని, వెంటనే ఇంటి పైకప్పు వైపు చూసి వాన గురించి మాట్లాడింది. నీకు గది ఉందని, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని నువ్వు చెప్పావు. బాల్కనీలోంచి కూడా సముద్రం కనిపిస్తుందేమో. నేను ఆఫీసుకు వెళ్తున్నానని నీతో అన్నాను, నువ్వు గదిలో పడుకుంటున్నానని నాతో అన్నావు. మనిద్దరి అబద్ధాలూ మనిద్దరి మధ్యే ఉంటే ఏమయ్యేదో గాని, ఇప్పుడు నీ మాట నమ్మి ఇంకో పిల్ల బస్సెక్కబోతోంది. నేను మూసిన తలుపు వల్ల ఎక్కబోతోంది.

నువ్వు వస్తే ఏం తింటామంటావు. ఆదాయం ముగ్గురం తినడానికి సరిపోతుంది. హిరుత్ కూడా కూర్చుంటే నలుగురికీ సరిపోతుంది. అంతకంటే ఎక్కువ చెబితే మళ్లీ అబద్ధం. వానాకాలంలో గింజలు చెమ్మగిల్లితే ఒక నెల ఇబ్బంది ఉంటుంది, అది కూడా రాస్తున్నాను.

ఆదివారం నుంచి తలుపు తెరిచే వేయిస్తున్నాను. పొద్దున మొదటి పెనం వీధికి, తర్వాతివి పనికి అని అమ్మమ్మ చేత నలుగురికీ చెప్పించాను. మొదటిరోజు జెనెబెచ్ పిన్ని కోడి ఒక్కటే వచ్చింది. అమ్మమ్మ దానికి పేలాలు వేసి, "ముందు కోడి వస్తుంది, దాని వెనకే ఇంటావిడ వస్తుంది" అంది. ఇవాళ్టికి నాలుగో రోజు, ఇంకా కోడే వస్తోంది. గడ్డి మాత్రం రోజూ కొత్తది పరుస్తున్నాను. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే వీధిలోకి చూడాలనిపిస్తోంది. మూడు రోజుల్లో రెండు పెనాలు మాడ్చాను.

నన్ను తిట్టదలుచుకుంటే తిట్టు, అక్క చేత పూర్తిగా రాయించు. అది ఎప్పుడు వచ్చినా ఫరవాలేదు. కాని ఒక్క మాట మాత్రం హిదార్ పన్నెండు, మిఖాయేల్ పండుగ లోపు నాకు అందాలి. దానికి ముందొచ్చే శుక్రవారం జెనెబెచ్ పిన్నిని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను, ఫోను గట్టిగా వినపడేట్టు పెడతాను. మేడమ్‌కు మన భాష రాకపోయినా నీ గొంతు మారితే తెలిసిపోతుందని అక్క చెప్పింది, అందుకని పొడుగు మాటలు వద్దు. వచ్చేటట్టయితే "తలుపు తీసి ఉంచు" అను. పిన్నికి ఆ మాట చాలు, చెప్పి పెట్టాను.

సంతకం పెట్టేటట్టయితే ఎప్పటిలాగే "బాగున్నాను" అను. నాకు అర్థమవుతుంది. పన్నెండో తేదీ లోపు, అమ్మా.

ఇట్లు,
నీ కూతురు,
ఫాంతాయే.